సగం చదివిన వాక్యం

అక్కా,

నువ్వు రాసిన మూడు ఉత్తరాలు జవాబు లేకుండా నా బల్ల మీద పడి ఉన్నాయి. మూడో దాంట్లో "బతికున్నావా, లేక తిన్నగా పరలోకానికే బదిలీ అయ్యావా" అని రాశావు. చదివి నవ్వాను. బతికే ఉన్నానక్కా. కానీ ఒక పని చేశాను. అది చెప్పకుండా నీకు ఉత్తరం రాయలేకపోయాను, చెబుతూ రాయడానికి ధైర్యం చాల్లేదు. ఈ రోజు పొద్దున రాజీనామా రాసి కవరులో పెట్టాను. బిషప్పుగారి కంటే ముందు నీకు తెలియాలి. అమ్మ పోయాక నన్ను పెంచినదానివి నువ్వు. నన్ను పాస్టరు చేసింది కూడా నువ్వే.

మా చర్చి ఎదురుగా లాండ్రీ ఉందని ఎప్పుడో రాశాను. ఊళ్ళోని ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ దుప్పట్లు అన్నీ అక్కడే ఉతుకుతారు. అరవై మంది ఆడవాళ్ళు పనిచేస్తారు, అందులో నలభై మంది మా సంఘం వాళ్ళే. ఆదివారం వాళ్ళు బెంచీల్లో కూర్చుంటే చర్చంతా సబ్బు వాసన వేస్తుంది. ఆ వాసన నాకిష్టం. ఆ లాండ్రీ యజమాని మా సంఘానికి పెద్ద. అందరూ ఆయన్ని పెద్దాయన అనే అంటారు. ఆయన చెడ్డవాడని అనుకోకు. వానొస్తే ముసలమ్మలకి గొడుగు పట్టి గుమ్మం దాకా తీసుకొస్తాడు. వాక్యం చదివితే పసిపిల్లలు కూడా ఏడుపు ఆపి వింటారు, అంత మంచి గొంతు.

పోయిన ఏడాది కొన్ని దుప్పట్లు కనిపించకుండా పోయాయట. అప్పటినుంచి పని మొదలవగానే తలుపులకి బయటినుంచి తాళం వేయిస్తున్నాడు. లోపల ఆవిరి. కూర్చోడానికి ఏమీ లేదు, ఎనిమిది గంటలూ నిలబడే ఉండాలి. బాత్రూముకి వెళ్ళాలంటే గోడకి వేలాడే చెక్క బిళ్ళ ఒకటి తీసుకెళ్ళాలి. అరవై మందికీ ఉన్నవి రెండే బిళ్ళలు. ఇవన్నీ నాకు తెలుసక్కా. తెలిసీ, వాళ్ళ పెళ్ళిళ్ళు చేశాను, పిల్లలకి బాప్తిస్మాలు ఇచ్చాను, ప్రభు బల్ల దగ్గర వాళ్ళ చేతుల్లో రొట్టె పెట్టాను. ఆ చేతులు ఆవిరికి ఉబ్బి ఉండేవి. చూసి జాలిపడేవాణ్ణి. అంతవరకే.

రెండు నెలల క్రితం ఒక బుధవారం, సాయంత్రం ప్రార్థన అయ్యాక నలుగురు ఆగిపోయారు. వాళ్ళలో ఒకామె ముప్ఫై ఏళ్ళుగా బాయిలరు దగ్గర పనిచేస్తోంది, ఆవిరి పెద్దమ్మ అంటారు. ఇంకొకామె దుప్పట్లు మడతపెడుతుంది. చిన్నగా, నెమ్మదిగా ఉంటుందని అందరూ గువ్వ అంటారు. గువ్వకి ఏడో నెల. మొదటి కాన్పు.

"అయ్యగారూ, పెద్దాయన మీ మాట వింటాడు. తాళం తీయించమని ఒక్క మాట చెప్పండి. నాలుగు బల్లలు వేయిస్తే ఇదిగో ఇలాంటి వాళ్ళు కాసేపు కూర్చుంటారు" అంది పెద్దమ్మ.

"ప్రార్థన చేస్తానమ్మా" అన్నాను.

"ప్రార్థన మేమూ చేస్తున్నామయ్యా. మాకు చేతకానిదల్లా ఆయనతో మాట్లాడటమే."

గువ్వ వెళ్ళబోతూ అడిగింది: "నేను మానేద్దామనుకుంటున్నా అయ్యగారూ. మా ఆయన కూడా మానెయ్యమనే అంటున్నాడు. వీళ్ళందర్నీ వదిలేసి నా దారి నేను చూసుకుంటే తప్పంటారా?"

నేనేమన్నానో తెలుసా అక్కా? "ఆదివారం వాక్యంలో నీకు జవాబు దొరుకుతుందమ్మా" అన్నాను. అలాంటి మాటలు నాకు చాలా తేలిగ్గా వస్తాయి.

మర్నాడు పెద్దాయన ఇంటికి వెళ్ళాను. టీ ఇచ్చాడు. నేను గొంతు సవరించుకునేలోపే ఆయనే మొదలెట్టాడు. "వాళ్ళు మీ దగ్గరికి వచ్చారట. మంచిదే. వాళ్ళు నా బిడ్డల్లాంటి వాళ్ళు. బయటివాళ్ళెవరో యూనియన్ అంటూ చెవులు కొరుకుతున్నారు. మీరు ఓర్పు గురించి నాలుగు మాటలు చెప్పండయ్యగారూ. మన పని ఆత్మలు. చర్చిలోకి రాజకీయం రాకూడదు." నేను తలూపాను. తాళం అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది, టీతో పాటు మింగేశాను.

ఆ ఆదివారం బైబిల్లోని దాసి కథ చెప్పాను. నీకు తెలిసిందే. కడుపుతో ఉన్న ఆ దాసి యజమానురాలు పెట్టే బాధలు పడలేక ఎడారిలోకి పారిపోతుంది. ఊట దగ్గర దేవదూత కనిపించి, తిరిగి వెళ్ళి నీ యజమానురాలి చేతికింద అణిగి ఉండు అంటాడు. నేను అక్కడ ఆగిపోయాను. అణిగి ఉండటంలోని ఆశీర్వాదం గురించి ఇరవై నిమిషాలు మాట్లాడాను. పెద్దాయన ముందు వరసలో కళ్ళు మూసుకుని విన్నాడు. గువ్వ నాలుగో వరసలో కళ్ళు తెరుచుకుని విన్నది.

సెమినరీలో నేను రాసిన వ్యాసం గుర్తుందా? నూట నలభై పేజీలు. అణగారినవాళ్ళ పక్షాన నిలబడే దేవుడి గురించి. బానిసల్ని విడిపించిన దేవుడు, వడ్రంగి ఇంట్లో పెరిగిన దేవుడు, ప్రభుత్వం చేతిలో చచ్చిపోయిన దేవుడు. ప్రతి అధ్యాయం నీకు చదివి వినిపించాను, నువ్వు డ్యూటీ నుంచి వచ్చి కూర్చున్నచోటే నిద్రపోయేదానివి. దానికి బంగారు పతకం ఇచ్చారు. ఆ వ్యాసం రాసినవాడూ ఈ ప్రసంగం చేసినవాడూ ఒకడే.

గువ్వ పని మానలేదు. గురువారం మధ్యాహ్నం, ఇస్త్రీ రోలరు పక్కన నిలబడి ఉండగా కళ్ళు తిరిగి పడిపోయింది. నెప్పులు మొదలయ్యాయి. అందరూ తలుపు బాదారు. తాళంచెవి సూపర్వైజరు జేబులో ఉంది, ఆయన భోజనానికి వెళ్ళాడు. నలభై నిమిషాలు. నేను అప్పుడు చర్చి వెనక గదిలో కూర్చుని గాయక బృందానికి పాటలు ఎంచుతున్నాను. బాదుడు వినిపించింది. ఏదో సామాను దింపుతున్నారనుకున్నాను.

ఆడపిల్ల. ఊపిరి తీయలేదు.

రెండో రోజు ఆసుపత్రికి వెళ్ళాను. గువ్వ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నన్ను చూసి మర్యాదగా లేవబోయింది. వద్దమ్మా అన్నాను. నెమ్మదిగా, నిష్ఠూరం కూడా లేకుండా అంది: "మీరు చెప్పినట్టే తిరిగి వెళ్ళానయ్యగారూ."

ఆ మాట నన్ను ఇంకా వదల్లేదు. అప్పటినుంచి రాత్రుళ్ళు నిద్రపట్టడం లేదు, కొత్త ప్రసంగం రాయలేకపోతున్నాను. ఆదివారాలు పాటలతో, పాత ప్రసంగాలతో నెట్టుకొస్తున్నాను. ఇక నావల్ల కాదు. దేవుడి పేరు చెప్పుకుని మాట్లాడే అర్హత నాకు లేదు. నీ దగ్గరికి వచ్చేస్తాను. బావ పనిచేసే బస్సు డిపోలో ఏదైనా ఉద్యోగం ఉంటే చూడమను. నన్ను తిట్టు అక్కా. నువ్వు తిడితే కాస్త ఊపిరాడుతుందేమో.

నీ తమ్ముడు


ఒరే బుజ్జీ,

వార్డులో కూర్చుని నీ ఉత్తరం రెండు కాన్పుల మధ్య చదివాను. మళ్ళీ ఇంటికొచ్చి మీ బావకి చదివి వినిపించాను. ఆయన ఉత్తరం తీసుకుని తనూ ఒకసారి చదివాడు. చివరికి, "డిపోలో ఖాళీలు లేవని రాయి" అన్నాడు. ఉన్నాయి. కానీ లేవనే రాయమన్నాడు. మీ బావ మంచివాడురా.

నిన్ను తిట్టను. ఆ పని నాకంటే నువ్వే బాగా చేసుకుంటున్నావు. ఊరడించను కూడా. ఇరవై ఆరేళ్ళుగా కాన్పుల వార్డులో నర్సుని, కాబట్టి తెలిసింది చెబుతాను. ఆ బిడ్డ నీ ప్రసంగం వల్లే పోయిందని నేను చెప్పలేను. కాదని కూడా చెప్పలేను. ఇంట్లో ఉన్నా అలా జరగొచ్చు, తలుపు వెంటనే తీసుంటే బతికుండేదేమో కూడా. ఈ రెండింటి మధ్యే నువ్వు బతకాలి. ఆ చోటు ఇరుకుగా ఉంటుంది. అయినా మనుషులు అక్కడ బతుకుతారు, నేను చూశాను.

ఇప్పుడు రాజీనామా సంగతి. నువ్వు వెళ్ళిపోతే ఎవరికి మేలు? గువ్వకా? బాయిలరు దగ్గర పెద్దమ్మకా? పెద్దాయనకి మేలు. ఇంకో కుర్ర పాస్టరు వస్తాడు, అదే దాసి కథ అక్కడే ఆపి చెబుతాడు, పైగా వాడికి నీలాగా నిద్రపట్టకపోవడం కూడా ఉండదు. నువ్వు చేతులు కడుక్కోవాలనుకుంటున్నావురా. ప్రభువుని శిలువకి అప్పగించి జనం ముందు చేతులు కడుక్కున్న ఒక అధికారి సంగతి నువ్వే ప్రతి ఏడూ చెబుతావు. ఆ కవరు బిషప్పుగారికి కాదు, నాకు పంపు. మా వార్డులో ఒక బల్ల కాలు పొట్టిగా ఉంది, దాని కింద పెడతాను.

నేను నీలాగా చదువుకోలేదు. ఆదివారాలు సగం డ్యూటీలోనే గడిచిపోతాయి. కానీ నీ ఉత్తరం చదివాక ఆ కథ తీసి మొత్తం చదివాను. నువ్వు సగమే చెప్పావు బుజ్జీ. ఆ మొదటిసారి దేవుడు ఆమెని వెనక్కి ఎందుకు పంపాడో నాకు తెలీదు. నర్సుని కనక, ఎడారిలో ఒంటరిగా పురుడెలా పోసుకుంటుందని పంపాడేమో అనుకున్నాను. కానీ వెళ్ళేముందు ఆమె ఏం చేసిందో చూశావా? దేవుడికి పేరు పెట్టింది. నన్ను చూసే దేవుడు అంది. అంత పెద్ద ఇంట్లో ఆమెని చూసినవాళ్ళు లేరు కాబోలు. తర్వాత కొన్నేళ్ళకి వాళ్ళే ఆమెని బిడ్డతో సహా గెంటేశారు. తిత్తిలో నీళ్ళైపోయాయి. బిడ్డ చావు చూడలేక పొద కింద పడుకోబెట్టి దూరంగా వెళ్ళి కూర్చుంది. అప్పుడు దేవుడు తిరిగి వెళ్ళు అనలేదురా. అణిగి ఉండు అనలేదు. కళ్ళు తెరిచి నీళ్ళు చూపించాడు. నూట నలభై పేజీలు రాసినవాడివి, రెండు పేజీలు తిప్పలేకపోయావా?

ఒకటి చెబుతాను, మీ బావకి తప్ప ఎవరికీ చెప్పలేదు. నేను కొత్తగా చేరినప్పుడు మా పాత ఆసుపత్రిలో డబ్బులేని వాళ్ళ వార్డులో మంచానికి ఇద్దరు బాలింతల్ని పడుకోబెట్టేవాళ్ళు. పైఅధికారులు వచ్చే రోజున సగం మందిని లేపి, పసిబిడ్డలతో సహా సామాన్ల గదిలో దాచేవాళ్ళం. దాచేవాళ్ళలో నేనూ ఉన్నాను. "చప్పుడు చెయ్యకండమ్మా" అని వాళ్ళకి చెప్పేదాన్ని, ఎంతో ప్రేమగా. నాలుగేళ్ళు అలా చేశాను. ఐదో ఏడు ఒక అధికారిణి వచ్చినప్పుడు సామాన్ల గది తలుపు తీసి చూపించాను. వీరత్వం ఏమీ లేదు. నన్ను వేరే చోటికి మార్చారు. ఆ నాలుగేళ్ళు ఇప్పటికీ నాతోనే ఉన్నాయి. తలుపు తీసిన రోజు కూడా ఉంది.

కాబట్టి ఇది చెయ్యి. ముందు ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళు. ఆమె క్షమించాలని ఆశ పెట్టుకోకు. ఆమెని చూసిన డాక్టరు తన కాగితంలో తలుపుకి తాళం ఉన్న సంగతి రాశాడో లేదో అడుగు. రాయకపోతే రాయమను, ఆమె ఒప్పుకుంటేనే. ఆ తర్వాత ఎక్కడ నిలబడి ఓర్పు గురించి చెప్పావో అక్కడే నిలబడి తప్పు చెప్పానని ఒప్పుకో. అప్పుడు ఆ ఆడవాళ్ళని అడుగు, నేనేం చెయ్యను అని. అడగమన్నాను, చెప్పమనలేదు. నీకు చెప్పడం అలవాటు.

భయమేస్తే ఉత్తరం రాయి. వేళకి తిను.

మీ అక్క


అక్కా,

నీ ఉత్తరం వచ్చి నెల పదిహేను రోజులైంది. అంతా అయ్యాక రాద్దామని ఆగాను. కవరు దీనితో పాటు పంపుతున్నాను, బల్ల కింద పెట్టుకో.

గువ్వ ఇంటికి వెళ్ళాను. ఆమె భర్త వడ్రంగి, వసారాలో కుర్చీ కాలు బిగిస్తూ ఉన్నాడు. నన్ను చూసి పని ఆపాడు కానీ పలకరించలేదు. గువ్వ కిటికీ దగ్గర కూర్చుని ఉంది. నేను నిలబడే, తప్పు చేశానమ్మా, క్షమించమని అడగడానికి వచ్చాను అన్నాను.

"నాకోసం వచ్చారా అయ్యగారూ, మీకోసం వచ్చారా?" అంది.

అబద్ధం చెప్పలేకపోయాను. "నాకోసమే" అన్నాను.

"అయితే ఇప్పుడు నావల్ల కాదు. వాళ్ళింకా ఆ తాళం లోపలే ఉన్నారు. వాళ్ళకేమైనా చేయండి."

డాక్టరు కాగితం సంగతి అడిగాను. ఆమె భర్త వైపు చూసింది, ఆయన తలూపాడు. నాతో ఆసుపత్రికి ఇద్దరూ వచ్చారు. డాక్టరు చిన్నవాడు, కాస్త జంకాడు, కానీ రాశాడు. తలుపుకి బయటినుంచి తాళం ఉన్నందువల్ల నలభై నిమిషాలు వైద్యం అందలేదని రాసి, కార్మికశాఖ ఇన్స్పెక్టరుకి పంపాడు. కింద గువ్వ సంతకం చేసింది. పేరు చివరి అక్షరం దగ్గర కలం ఆగింది, మళ్ళీ పూర్తిచేసింది.

ఆ ఆదివారం వాక్యపఠనం పెద్దాయన వంతు. దాసి కథలో రెండో భాగం ఇచ్చాను. ఎందుకిచ్చానో ఆయనకి తెలీదు. నీళ్ళైపోయిన తల్లి బిడ్డని పొద కింద వదిలి దూరంగా కూర్చున్న చోటు ఆయన తన మంచి గొంతుతో చదివాడు. నేను వేదిక ఎక్కి, మొన్న నిలబడ్డ చోటే నిలబడ్డాను. "రెండు నెలల క్రితం ఇక్కడినుంచి నేను మీకు చెప్పింది తప్పు" అన్నాను. "దేవుడి మాట అని చెప్పి నా భయాన్ని మీకు వినిపించాను. ఎదురుగా ఉన్న తలుపుకి తాళం ఉందని నాకు తెలుసు. తెలిసీ మిమ్మల్ని దానిలోపలికే తిరిగి పంపాను. నన్ను నమ్మి వెళ్ళిన ఒకరికి ఏం జరిగిందో మీకందరికీ తెలుసు." ఇంకా ఏదో రాసుకున్నాను. ఆ కాగితం మడిచేశాను.

పెద్దాయన లేచాడు. మొహం ఎర్రబడింది. "అయ్యగారూ, చర్చిలోకి రాజకీయం తేవద్దని మనం ముందే అనుకున్నాం."

మూడో వరసలోంచి ఆవిరి పెద్దమ్మ కూర్చునే అంది: "తాళం వేసినప్పుడు రాజకీయం కాలేదు బాబుగారూ. తీయమంటే అయిందా?"

ఎవరో కిసుక్కున నవ్వారు, వెంటనే ఆపేశారు. పెద్దాయన, ఆయనతో ముందు రెండు వరసలూ లేచి వెళ్ళిపోయారు. గాయక బృందంలో సగం మంది ఉండాలో వెళ్ళాలో తెలీక పాటల పుస్తకాలు గుండెలకి హత్తుకుని నిలబడిపోయారు.

ఆరాధన అయ్యాక నువ్వు చెప్పినట్టే అడిగాను. నేనేం చేయాలి? నా మనసులో చాలా ఉన్నాయి. పత్రికకి వ్యాసం రాద్దాం, పెద్దలకి విజ్ఞాపన పంపుదాం, ఊరేగింపులో ముందు నడుద్దాం. పెద్దమ్మ నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "రేపటినుంచి తాళం తీసేదాకా లోపలికి వెళ్ళం. గేటు ముందు కూర్చుంటాం. మీరు మాట్లాడకండయ్యా, ఇప్పటికే చాలా మాట్లాడారు. హాలు తలుపు తీసి పెట్టండి. తాగడానికి నీళ్ళు నింపండి. పిల్లల్ని చూసుకోండి."

తొమ్మిది రోజులక్కా. పదకొండు మంది పిల్లలు. ఆ నూట నలభై పేజీల్లో పిల్లల ముక్కులు తుడవడం గురించి ఒక్క వాక్యం కూడా లేదు. ఇద్దరు కవలలు నా ప్రసంగాల కాగితాలతో పడవలు చేశారు. అప్పుడప్పుడూ కిటికీలోంచి గేటువైపు చూసేవాణ్ణి. వాళ్ళు ఎండలో వరసగా కూర్చుని, సబ్బు వాసన లేని బట్టల్లో, పాటలు పాడుకునేవాళ్ళు. ఆదివారం పాడే పాటలే. బానిసల్ని సముద్రం దాటించిన దేవుడి పాట అక్కడ పాడుతుంటే అది నేనెప్పుడూ వినని పాటలా ఉంది. దేవుణ్ణి రాజకీయంలోకి లాగానేమోనని నేను భయపడుతూనే ఉన్నాను. ఆయన నాకంటే ముందే వెళ్ళి అక్కడ కూర్చున్నట్టున్నాడు.

మూడో రోజు గువ్వ వచ్చి వాళ్ళ పక్కన కూర్చుంది. ఎవరూ పిలవలేదు. పెద్దమ్మ తన కింద ఉన్న గోనెపట్టా తీసి ఆమెకి వేసింది.

ఏడో రోజు ఇన్స్పెక్టరు వచ్చాడు. చేతిలో డాక్టరు రాసిన కాగితం. తాళాలు, తలుపులు, చెక్క బిళ్ళలు అన్నీ చూసి రాసుకున్నాడు. ఎనిమిదో రోజు సాయంత్రం పెద్దాయన ఒక్కడే నా దగ్గరికి వచ్చాడు. పిల్లలు ఇళ్ళకి వెళ్ళిపోయారు, నేను హాలు ఊడుస్తున్నాను. చిన్నపిల్లల బెంచీ మీద మోకాళ్ళు పైకొచ్చేలా కూర్చున్నాడు.

"ఆ పిల్ల కోసం నేనూ ఏడ్చాను. నమ్ముతారా?" అన్నాడు.

"నమ్ముతాను."

"నేను చెడ్డవాణ్ణా అయ్యగారూ?"

చీపురు పక్కన పెట్టి ఆయన ఎదురుగా కూర్చున్నాను. "నాకలా అనిపించడం లేదు. మీకు గొడుగు పట్టడం వచ్చు, నాకు ప్రార్థన చేయడం వచ్చు. వాళ్ళు అడిగింది ఆ రెండూ కాదు. తాళం తీయమన్నారు. మీరు తీయలేదు, నేను అడగలేదు."

ఆయన వెళ్ళేటప్పుడు అలవాటుగా వందనం చెప్పాడు. తొమ్మిదో రోజు పొద్దున తలుపుల తాళాలు ఊడదీయించాడు. ఇన్స్పెక్టరుకి భయపడి తీశాడో, ఇంకెందుకు తీశాడో నాకు తెలీదు. ఇప్పుడు లోపల పన్నెండు బల్లలున్నాయి. చెక్క బిళ్ళలు లేవు. అంతా బాగైపోలేదు. పెద్దమ్మనీ ఇంకో ముగ్గుర్నీ పనిలోకి రానివ్వలేదు. వాళ్ళకోసం యూనియన్ వాళ్ళు పోరాడుతున్నారు. పెద్దాయన ఇంకా చర్చికి రావడం లేదు. నాకది బాధగానే ఉంది, దాచను.

నా సంగతి. బిషప్పుగారి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. సంఘాన్ని చీల్చానని ఫిర్యాదు వెళ్ళిందట. విచారణ పూర్తయ్యేదాకా, అంటే ఆరు నెలలు, వేదిక ఎక్కకూడదు, పాస్టరు ఇల్లు ఖాళీ చేయాలి. నేనే వదిలేద్దామనుకున్న పనిని వాళ్ళు లాగేసుకుంటుంటే ఎంత కష్టంగా ఉందో చూడు. విచారణకి వెళ్తాను. జరిగింది జరిగినట్టు చెబుతాను. ఈ ఊరు మాత్రం వదలను. చెప్పులు కుట్టే ఆయన కొట్టు మీద ఒక గది ఖాళీగా ఉంది, అందులో దిగుతాను. పగలు ఆయన దగ్గరే పని నేర్చుకుంటున్నాను. మొదటి రోజే సూది వేలికి గుచ్చుకుంది. బావతో చెప్పు, నవ్వుకుంటాడు.

నిన్న శనివారం మధ్యాహ్నం పుస్తకాలు పెట్టెల్లో సర్దుతుంటే గువ్వా, ఆమె భర్తా వచ్చారు. కూర్చోమంటే కూర్చున్నారు. ఆమె నేరుగా విషయానికి వచ్చింది.

"మా పాపకి ఎవరూ ప్రార్థన చేయలేదు. ఆసుపత్రి వాళ్ళే తీసుకెళ్ళారు. మన ఆరాధన పుస్తకంలో దానికేమైనా ఉందా?"

వెతకక్కర్లేదు, నాకు తెలుసు. పుట్టినవాళ్ళకి ఉంది, చనిపోయినవాళ్ళకి ఉంది. ఊపిరి తీయని బిడ్డకి ఏమీ లేదు. అదే చెప్పాను. పైగా ఇప్పుడు నాకు ఏ ఆరాధనా జరిపే అధికారం లేదని కూడా చెప్పాను.

"మీరు జరపొద్దు. నేనే చెప్పుకుంటాను. మీరు పక్కన ఉండి ఆమెన్ అనండి."

అట్టపెట్టెల మధ్య ముగ్గురం నిలబడ్డాం. ఆమె భర్త టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. గువ్వ కళ్ళు మూసుకోలేదు. "ప్రభువా" అని మొదలుపెట్టి, బిడ్డ పేరు చెప్పింది. ఆ పేరు అప్పటిదాకా వాళ్ళిద్దరికి తప్ప ఎవరికీ తెలీదట. ఆమెని అడగకుండా నీకు కూడా రాయనక్కా. "ఇది నా కూతురు. ఏడు నెలలు నాతో ఉంది. పాటలంటే కదిలేది. నువ్వు చూశావని నాకు తెలుసు. నేను చూడనివ్వమంటే వాళ్ళు చూపించలేదు. నా బదులు నువ్వు ఎత్తుకో. జుట్టు ఎలా ఉందో నేనొచ్చినప్పుడు చెప్పు." ఆమె భర్త భుజాలు కదిలిపోతున్నాయి. నేను ఆమెన్ అన్నాను. ఇన్నేళ్ళలో ఆ ఒక్క మాట అంత కష్టపడి ఎప్పుడూ అనలేదు.

తర్వాత ఆమె నా పుస్తకాల పెట్టె మూత వేయబోయి, అది పట్టకపోతే, పైనున్న రెండు తీసి ఇంకో పెట్టెలో పెట్టింది. భర్త ఆ పెట్టె భుజానికెత్తుకుని, కొత్త గదికి తానే చేరుస్తానన్నాడు. క్షమించానని ఆమె అనలేదు. నేను అడగనూ లేదు.

గుమ్మం దాటాక వెనక్కి తిరిగి, "ఆ గది కిటికీ తలుపు సరిగ్గా పడదట, చలి కొడుతుంది. సోమవారం ఈయన వచ్చి సరిచేస్తాడు. పొద్దున అక్కడే ఉండు, అన్నా" అంది.

నీ తమ్ముడు